పన్నెండు మూటలు, ఒక్క పేరు

బేరంలో నన్ను మించినవాడు కేతేపల్లి అంగడిలో లేడని ఒకప్పుడు నేనే చెప్పుకుని తిరిగేవాణ్ణి. ఇప్పుడు కూరగాయలకు కూడా అడిగినంత ఇచ్చి వస్తున్నాను. వయసు మీదపడిందని ఇంట్లో అనుకుంటారు. అనుకోనీ.

మా బాపుది ఉప్పు, బెల్లం, చింతపండు దుకాణం. ఆ రోజుల్లో మా ఊరికి బ్యాంకన్నా, ఖజానా అన్నా ఆ దుకాణంలోని ఇనప్పెట్టే. కూలినాలి చేసుకునేవాళ్లు మిగిలిన రూపాయలను గుడ్డలో కట్టి బాపు చేతికిచ్చేవారు. కాగితం లేదు, పేరు రాసుకోవడం లేదు. ఎవరి ముడి వాళ్లది. ముడి చూసి మనిషిని గుర్తుపట్టడం బాపు నాకూ నేర్పాడు. మొగుడి మూట సంగతి పెళ్లానికి కూడా చెప్పేవాడు కాదు.

వాటిలో ఒకటి చింతపండు కొట్టి బతికే ఒక అవ్వది. మొగుడు చేసిన అప్పు కింద ఆమె కొడుకు దొర దగ్గర జీతమున్నాడు. కొంచెం కొంచెం కడితే వడ్డీకే సరిపోతుంది. ఒక్కసారే కట్టి విడిపించుకోవాలని ఆమె ఆశ. చేతిలో పైసలున్నాయని తెలిస్తే దొర ముందే గుంజుకుంటాడు. అందుకే మా పెట్టె. ఉప్పు కొన్నప్పుడల్లా "జర దించు బిడ్డా" అనేది. నేను దించేవాణ్ణి కాదు.

నిజాం రాజ్యం చివరి ఏడు, బాపు సరుకుకు సూర్యాపేట పోయిన రోజు, పోలీసు అమీను దిగాడు. దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ సంఘం వాళ్ల పైసలు దుకాణాల్లో దాస్తున్నారట, ఎవరి సొమ్ము ఎక్కడుందో రాసి పంపమని హుకుమట. పెట్టె తెరిపించి మూటలు లెక్కపెట్టాడు. పన్నెండు. పన్నెండు పేర్లూ చెప్పమన్నాడు.

భయమేసింది నిజమే, కానీ అంతకన్నా ముందు నా నోరు లేచింది. కుర్చీ వేసి, బెల్లం పానకమిచ్చి, బేరం మొదలుపెట్టాను. నాలుగు మా ఇంటివే అన్నాను. మూడు చచ్చిపోయినవాళ్లవి అన్నాను. నాలుగింటి ముడులు బాపుకు తప్ప నాకు తెలియవన్నాను. అమీను విసిగిపోయాడు.

"ఖాళీ కాగితం తీస్కపోతే నా నౌకరి ఊడ్తది. ఒక్క పేరన్న చెప్పు."

పన్నెండును ఒకటికి దించానన్నమాట. ఆ ఒక్కటీ తెలివిగానే ఎంచాను: ముసలమ్మను సంఘం మనిషని ఎవరనుమానిస్తారు? అవ్వ పేరు చెప్పాను.

అమీను అనుమానించలేదు, నవ్వాడు కూడా. కాకపోతే అతని మకాం దొర గడీలోనే. మరునాడు పొద్దున్నే దొర మనిషి అవ్వను వెంటబెట్టుకొచ్చి మూట ఇమ్మన్నాడు. ఆమె చేతనే ముడి విప్పించాడు. అంతా వడ్డీ కింద పోయింది. కొడుకు అక్కడే ఉండిపోయాడు.

సూర్యాపేట నుంచి తిరిగొచ్చాక బాపు నన్ను తిట్టలేదు. ఒక్కొక్కరే వచ్చి మిగతా మూటలు అడిగి పట్టుకుపోతుంటే పెట్టె పక్కన కూర్చుని ఇస్తూ పోయాడు.

అవ్వ మాత్రం ఎప్పటిలాగే ఉప్పుకు వచ్చింది. ఉండబట్టలేక జరిగిందంతా నేనే చెప్పాను, పన్నెండడిగితే ఒకటికి తెచ్చానని కూడా. అప్పుడు నా గొంతులో కాస్త గొప్ప పలికిందేమో, ఇప్పటికీ తేల్చుకోలేను. ఆమె ఉప్పు కొంగులో పోయించుకుంది.

"ఇంకొక్కటి దించకపోతివా, బిడ్డా."

పైసలు వద్దన్నాను. లెక్కపెట్టి గల్లా మీద పెట్టి పోయింది.