బాలింతకు చెంబెడు నీళ్ళు

నా చిన్నప్పుడు, పుంగనూరులో మా ఇంట్లోనే చెల్లెలు పుట్టింది. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు వాస్తుందని మా అవ్వ నమ్మకం. రెండు పూటలా వెల్లుల్లి కారం కలిపిన అన్నం పెట్టేది, నీళ్ళు మాత్రం గొంతు తడిసేంతే ఇచ్చేది. అమ్మ చాటుగా నీళ్ళు తాగకుండా అవ్వ నన్ను గది గడప మీద కాపలా కూర్చోబెట్టింది. ఆ పెత్తనం నాకెంతో నచ్చింది. అమ్మ చెంబు కోసం చెయ్యి చాపితే చాలు, “అవ్వా, నీళ్ళు తాగతాండాది!” అని కేక పెట్టేవాణ్ణి.

పక్కింటి అక్క మదనపల్లెలో నర్సు ట్రైనింగు చదువుతూ సెలవులకు వచ్చింది. పాలు చాలక చెల్లెలు ఏడవడం విని, మా ఇంటికొచ్చి అవ్వతో వాదానికి దిగింది.

“నీళ్ళియ్యకుంటే పాలు యాడ్నుంచి వస్తాయవ్వా?”

“నువ్వు కన్నావా, పెంచినావా? నెత్తిన తెల్లటోపీ పెట్టంగానే నాకు సెప్పొస్తివే!”

“ఆడ కాన్పుల పాఠాలు సదివిస్తారు. ఈడ ఒక్క మాట సెప్తే నోరు మూసుకోమంటారు,” అని అక్క విసురుగా లేచింది. పోతూ పోతూ నా దగ్గర ఆగింది. “అప్పా, రేపు నువ్వే బాలింత. మీ అమ్మ తిండే తిను, నీళ్ళు ముట్టొద్దు. పొద్దుగూకేదాకా ఓర్చుకుంటే నేనింక నోరెత్తను. ఓడితే మీ అమ్మకు చెంబు నువ్వే ఇయ్యాల.”

మగపిల్లవాణ్ణి, ఓడతానా అనుకున్నాను. మర్నాడు ఆ కారం అన్నం తిన్నాక మధ్యాహ్నానికే నాలుక అంగిటికి అతుక్కుపోయింది. పరుగెత్తి కుండలో ముంత ముంచి తాగాను. తర్వాత చెంబు నిండా నీళ్ళు అమ్మకిచ్చాను. ఊపిరి తీసుకోకుండా తాగి, ఇంకా కావాలన్నట్టు చూసింది. ఇంతలో అవ్వ వచ్చి చెంబు లాక్కుంది. అక్కను మా గడప తొక్కొద్దంది. సెలవులైపోయి అక్క మదనపల్లె వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను కేకలు పెట్టలేదు. అలాగని చెంబూ అందించలేదు.

పెద్దయ్యాక కుప్పంలో ఉద్యోగం. నా భార్యకు తల్లి లేదు, అందుకని కాన్పయ్యాక పథ్యం చూడటానికి మా అమ్మే వచ్చింది. “నీళ్ళియ్యొద్దప్పా, ఒళ్ళు వాస్తాది,” అంది. ఆ దాహం పడ్డ మనిషే ఆ మాటంది! అరవాలనిపించింది. అక్క మాటలన్నీ నోటిదాకా వచ్చాయి. పెద్దామెను నొప్పించడమెందుకని మింగేశాను. నా భార్య నా ముఖమే చూస్తూ ఉంది.

ఇప్పటికీ ఇంట్లో ఎవరికి దాహమైనా ముందు నేనే లేస్తాను. నా భార్య మాత్రం ఆనాటి నుంచి నన్ను నీళ్ళడగలేదు.