తపసి బంక, మా చిన్నమ్మ

కాలిన చోట కొత్త చర్మం పెరిగేందుకు ఆసరాగా ఉండే మెత్తని జెల్‌ను తపసి చెట్టు నుంచి కారే బంకతో చేయడం నా పరిశోధన. మూడు నెలలుగా అది జావలా జారిపోతోంది. ఈ రోజు పర్ణశాల దగ్గరి మా ఊరికి వచ్చి, అడవిలో బంక తీసే మా చిన్నమ్మకు నేను బజారులో కొన్న బంక చూపించాను. ఒక పలుకును వెలుతురుకు పట్టి చూసి నవ్వింది.

“గిది వానలు పడ్డంక తీసింది బిడ్డా. ఎండాకాలంల తీసిందైతేనే గట్టిగ పట్టుకుంటది.”

“మా ల్యాబ్‌ల గీ సంగతి ఎవ్వరికీ తెల్వదు చిన్నమ్మా!”

“నన్ను అడిగితివా మరి?”

తన డబ్బాలోని బంక గుప్పెడు తీసి నానబెట్టింది. సాయంత్రం గిన్నె బోర్లిస్తే చుక్క కూడా జారలేదు. ల్యాబ్‌లో మేం చేసే పరీక్ష కూడా అదే.

ఈ సంగతి ఎవరు చెప్పారని మా గైడ్ అడిగితే, “మా సీనియర్” అంటాను. మీ ఇంట్లో మీరు అడగడం మరిచిన సీనియర్ ఎవరు?