మొలక తిన్న ఆముదం

పెరాక్సిజోముల పాఠం చెప్పే రోజు నాకు క్లాసులో వంటాముదం వాసన వేస్తుంది. సిద్దిపేటలో ఇన్నేళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్నాను, ఆ వాసన పోలేదు. పోవద్దనే ఉంటుంది నాకు.

అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ, చిన్నమ్మ తోడికోడళ్లు. ఒకరి తల ఒకరు దువ్వుకోనిదే వాళ్లకు పొద్దు గడిచేది కాదు. ఆ ఏడు మా ఇంటి మీద గూన పెంకు మారుస్తుంటే ఆముదాల సంచి చిన్నమ్మ ఇంట్లో పెట్టాం. చెడగొట్టు వానకు అక్కడి గోడ కారింది, సంచి మొత్తం తడిసింది.

"మొలకలొచ్చినయి అక్కా, దులిపి ఎండబోసిన. గింజకేం గాలే," అని చిన్నమ్మే మోసుకొచ్చి ఇచ్చింది. అవ్వకూ అది పెద్ద సంగతిగా తోచలేదు.

వేయించి, దంచి, నీళ్లలో ఉడికిస్తే పైకి తేలాల్సిన నూనె తేలలేదు. గరిటెతో ఎంత తీసినా చిన్న సీసా కూడా నిండలేదు. అవ్వ కోపం ఆమె చేతిలో ఉండదు, నాకూ అదే వచ్చిందంటారు.

"మంచియి దాసుకొని తాలుయి ఇచ్చినవు గాదే," అన్నది వాకిట్లో నిలబడి.

"నేనా అక్కా?" అన్నది తల దువ్వడానికి వచ్చిన చిన్నమ్మ. అంతే, దువ్వెనతో వెనక్కి వెళ్లిపోయింది. ఆ తర్వాత పండగ గిన్నెలు మా పిల్లల చేతుల్లో అటూ ఇటూ తిరిగాయి గానీ, వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

డిగ్రీలో మా సార్ బోర్డు మీద ఆముదం గింజే గీశారు. ఆకు పచ్చబడేదాకా మొలకకు సొంతంగా తిండి వండుకోవడం రాదు, గింజలో ఉన్నదేమో నూనె. కణంలోని పెరాక్సిజోములనే చిన్న సంచులు ఆ నూనెను విరగ్గొడితే, కణం దాంతో చక్కెర చేసుకుంటుంది. ఆ పనిలో పుట్టే పెరాక్సైడు కణానికి చేటు. దాన్నీ అవే నీరుగా, ఆక్సిజన్‌గా మార్చేస్తాయి. కొత్త సంచులు కణంలోని పొరల నుంచి మొగ్గ తొడుగుతాయి, ఉన్నవి పెరిగి రెండుగా చీలుతాయి. గుమ్మడి మొలకలోనైతే పచ్చదనం రాగానే ఆ సంచులే నూనె పని మాని, ఆకుకు కావాల్సిన పని అందుకుంటాయి. సార్ ఇంకా చెబుతూనే ఉన్నారు, నా మనసు మా వాకిట్లో ఉంది.

సాయంత్రం బస్సు దిగి నేరుగా అవ్వ దగ్గరికి పోయాను.

"అవ్వా, గా నూనె చిన్నమ్మ తియ్యలే. మొలకొస్తే గింజల నూనెను మొలకే తింటది."

అవ్వ చాట కింద పెట్టింది. "గింజ గట్లనే ఉండె గదరా."

"పైకి గట్లనే కనవడ్తది. లోపల అయిపోతది."

"నా నోరు పడిపోను. దాన్ని దొంగను జేస్తి గదరా," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అవ్వ ఏడవడం నేను ఎక్కువసార్లు చూడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆముదం సీసా, దువ్వెన పట్టుకుని చిన్నమ్మ గడపలో నిలబడింది. వెనక నేను.

"మొలక తిన్నదట," అన్నది అవ్వ.

ఏం తిన్నది, ఎప్పుడు అని చిన్నమ్మ అడగలేదు. అవ్వకు వీపు తిప్పి కూర్చుని నెరిసిన కొప్పు విప్పుకుంది.

"నల్లగున్నప్పుడే రాకపోతివి అక్కా," అన్నది.