తొమ్మిదో భాగంలో ఇంకిన నీళ్ళు

దయ్యాల మాటెత్తితే మా ఇంట్లో అందరికంటే గట్టిగా నవ్వేది నేనే. మేస్త్రీని. గుండూ దారమూ చెప్పిందే నమ్ముతాను.

ఎనభైలలో సంగతి. తమిళనాడులో, ధర్మపురి నుంచి చెట్టికరై పోయే దారిలో నా కూతురు చదివే చిన్న బడి ఉండేది. దాన్ని నడిపే ఫాదర్ ఇటలీలో చదివి వచ్చిన మనిషి. బడి ముందు నేలకు ఇటుకలు పరచమని పిలిచి, ఇలాగే ఉండాలని ఒక బొమ్మ కార్డు చేతిలో పెట్టాడు. సియెనా అనే ఊరి నడిబొడ్డున ఉన్న మైదానమట. ఆల్చిప్పలా విచ్చుకొని ఉంది. చేపముల్లులా ఏటవాలుగా పేర్చిన ఎర్ర ఇటుకలు, మధ్యలో తెల్లరాతి గీతలు, మొత్తం తొమ్మిది భాగాలు. ఆరువందల ఏళ్ళకు పైగా కిందట ఆ ఊరిని తొమ్మిదిమంది పాలించేవారట, వాళ్ళ గుర్తుగా అలా వేశారట. తొమ్మిదీ వాలి, నగరసభ మేడ ముందున్న ఒకే తూము దగ్గర కలుస్తాయి. ఆ వాలు చూసి, ఎవరో తెలియని ఆ మేస్త్రీలకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మా వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. నేల పరిచే ముందు ఇంటి ఆడమనిషి ఎత్తు వైపు నుంచి బిందెడు నీళ్ళు పోస్తుంది. అవి ఎటు పారాయో, ఎక్కడ ఇంకాయో చూసి, "ఇంక పెట్టురా ఇటుక," అనేది అమ్మ. ఆమె పోయిన మరుసటి ఏడాది ఈ పని వచ్చింది. నాతో పనిచేసే చెల్లెలు మునియమ్మ ఆ మాటే గుర్తు చేసింది.

"మట్టం చూసేకి గొట్టం ఉండాది కదా, నీళ్ళెందుకు?" అన్నాను.

"అవునన్నా, అమ్మకంటే నీ గొట్టానికే బాగా తెలుసు," అని మూతి తిప్పుకుంది.

శనివారం మధ్యాహ్నానికి ఎనిమిది భాగాలు అయ్యాయి. మరునాడే ఆ కొత్త నేలకు ప్రారంభం. మిగిలిన తొమ్మిదో భాగంలోనే పిల్లలు నిలబడి పాడాలి. ముందు వరసలో నా కూతురు.

అన్నం తిని వచ్చేసరికి ఇటుకల మీద నీటి చార. తూము వైపు పోకుండా, వాలుకు అడ్డంగా తిరిగి, పరచని తొమ్మిదో భాగంలోకి పోయి ఇంకిపోతోంది.

"ఎవురు పోసినారు?" అని అరిచాను.

"నీ పక్కనే కదన్నా కూర్చోని తిన్నాను!"

బడికి సెలవు. చుట్టుపక్కల మనిషి లేడు. మా డ్రమ్ములో నీళ్ళు తగ్గలేదు. చార మొదలైన చోట బిందె అడుగు తడి గుండ్రంగా పడి ఉంది, ఒకచోట తెగి. మునియమ్మ వంగి ఆ తెగిన చోటు వేలితో తడిమింది. అమ్మ బిందె అడుగున సరిగ్గా అలాంటి సొట్టే ఉంది. ఆ బిందె మా ఊరు పాపారపట్టిలో, మా ఇంటి అటక మీద ఉంది.

ఒళ్ళు మండి, గడ్డపారతో నీళ్ళు ఇంకిన చోట పొడిచాను. రెండో పోటుకు గడ్డపార చేతిలోంచి జారి లోపలికి పోయింది. కాసేపటికి ఎక్కడో కింద చప్పుడైంది. పాత బావి. ఎవరో ఎప్పుడో తాటి దూలాలు వేసి మన్ను కప్పేశారు. దూలాలు కుళ్ళిపోయాయి.

ఆదివారం పిల్లలు వరండాలో పాడారు. నా కూతురు రెండుచోట్ల తప్పు పాడింది. నేను మాత్రం సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

అటక మీది బిందె దింపి చూశాను. పైన దుమ్ము, లోపల బూజు. తడి జాడే లేదు. ఆ నీళ్ళు ఎవరు పోశారో ఈ రోజుకీ నాకు తెలియదు.

బావి పూడ్చాక మునియమ్మ చేత ఆ బిందెతోనే నీళ్ళు పోయించాను. నేరుగా తూములోకి పోయాయి. నన్నెప్పుడూ అన్నా అని తప్ప పిలవని పిల్ల, బిందె కింద పెట్టి, "ఇంక పెట్టురా ఇటుక," అంది.

మొదటి ఇటుక పెట్టాను.