సందు మొగదల కొళాయి

మెంబరు మామ పోయారు. సోమవారం పొద్దున కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంటే మునెమ్మ ఆయన ఇంటి వైపు నుంచి కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. చీపురుపొరకలు కట్టి అమ్ముకునే మనిషి. వాళ్ళింటికి పొరక ఇద్దామని పోయి విన్నదట. "మెంబరయ్య లేడమ్మా. పండుకున్నోడు పండుకున్నట్టే పోయినాడంట" అన్నది. వరసలో ఉన్నవాళ్ళం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. కొళాయి కట్టాలని ఎవరికీ తోచలేదు. ఎవరిదో కడవ నిండి నీళ్ళు పొర్లిపోయాయి.

మామ అంటే నాకు చుట్టరికమేమీ లేదు. నేను పలమనేరు నుంచి చిత్తూరు ఆడపిల్లల బడికి పంతులమ్మగా వచ్చి వాళ్ళ ఎదురింట్లో అద్దెకు దిగినప్పుడు ఆయన మా వార్డుకు మునిసిపల్ మెంబరు. నమస్కారమండీ అంటే, "మామా అను, మా ఇంటామెను అత్తా అను. అండీ గిండీ అంటే నేను పలకను" అన్నారు. ఆ తర్వాత ఎన్నికలో ఓడిపోయారు. అయినా మా వీధికి చివరిదాకా ఆయనే మెంబరు. గెలిచినాయన్ని మేము పేరు పెట్టి చెప్పుకునేవాళ్ళం, అదీ చెప్పుకోవలసి వస్తేనే.

పొద్దున్నే నోట్లో వేపపుల్ల పెట్టుకుని వార్డంతా తిరగడం ఆయన అలవాటు. కాలవ పూడిందని ఒకరు, దీపం వెలగలేదని ఒకరు, పక్కింటివాడు గోడ జరిపినాడని ఒకరు వెంటబడేవాళ్ళు. మామ పుల్ల నములుతూ తల ఊపేవారే గాని నోరు విప్పేవారు కాదు. చివర సందు మొగదలకు వచ్చి, పుల్ల పారేసి, నోరు పుక్కిలించి, అప్పుడు చెప్పేవారు ఏది అవుతుందో, ఏది కాదో. ఇదేం పద్ధతి మామా, జనం తిట్టుకుంటారు అన్నాను ఒకసారి. "నోట్లో పుల్ల లేకపోతే నేనూ మాట్లాడేస్తానమ్మా. అప్పుడు వినేదెవురు?" అన్నారు. మాట ఇచ్చేముందు వినేవాళ్ళను నేను అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

అవి యుద్ధం రోజులు. ఇనుప గొట్టాలు దొరకవు. మా వార్డుకు ఒక్కటంటే ఒక్క వీధి కొళాయి వచ్చింది. ఎక్కడ పెట్టాలో మెంబరు చెప్పాలి. పైవీధిలో పెట్టమని పెద్దలంతా ఆయన అరుగు మీద కూర్చున్నారు. వాళ్ళందరికీ పెరట్లో బావులున్నాయి. ఇంటి పన్ను కట్టేవాళ్ళు గనుక ఓట్లూ ఉన్నాయి. కింది సందులో గుడిసెలవాళ్ళకు బావీ లేదు, ఓటూ లేదు. మునెమ్మలాంటివాళ్ళు పైవీధి బావుల దగ్గర దూరంగా కడవలు పెట్టి, ఎవరైనా తోడి పోస్తారా అని పొద్దెక్కేదాకా కాచుకునేవాళ్ళు. పైవీధిలో పెడితే కొళాయి దగ్గరా అదే గతి. మామ పెద్దలకు కాఫీ ఇప్పించి, కొళాయిని సందు మొగదల పెట్టమని రాసిచ్చి వచ్చారు. ఎందుకయ్యా అని అడిగితే, "ఓటుండేవోడు మన వాకిట్లోకి వస్తాడప్పా. ఓటు లేనోడి వాకిట్లోకి మనమే పోవాల" అన్నారు.

కొళాయి తిప్పిన రోజు తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి పెళ్ళికూతురిలా నిలబెట్టారు దాన్ని. టెంకాయ కొట్టాలి. రాయి తెమ్మని ఎవరో అనేలోగా మామ భక్తి పట్టలేక కాయను కొళాయి నెత్తినే కొట్టారు. కాయ పగల్లేదు, కొళాయి ఊడిపోయింది. నీళ్ళు ఎగజిమ్మి, వచ్చిన పెద్దమనుషుల తలపాగాలన్నీ తడిసిపోయాయి. అందరూ దూరంగా పరిగెత్తితే మామ ఒక్కరే పైపంచె కుక్కి, రెండు చేతులతో గొట్టం నోరు మూసి నిలబడ్డారు. ఆగలేదు. అప్పుడు మునెమ్మ, "పోతాండాయి సామీ నీళ్ళు, పోతాండాయి" అంటూ వచ్చి ఆయన చేతుల మీద తన చేతులు వేసి అదిమింది. మేస్త్రీ వచ్చేదాకా ఇద్దరూ అట్లాగే తడుస్తూ నిలబడ్డారు. ఊరంతా చూసింది.

కొళాయి ఊడినందుకు ఎవరూ కోప్పడలేదు. ఆ చేతులు తగిలినందుకే కోపం. ఎన్నికల్లో, సందువాళ్ళ దగ్గర ఏదో పుచ్చుకున్నాడని పుట్టించారు. కాణిపాకం పోయి దేవుడి ముందు ప్రమాణం చెయ్యమన్నారు. "తాగే నీళ్ళకు గూడా దేవుణ్ణి సాక్షికి పిలవాల్నా? ఆయప్పకు వేరే పనుల్లేవా?" అని పోలేదు మామ. ఓడిపోయారు. మర్నాడు పొద్దున మళ్ళీ వేపపుల్లతో వచ్చారు. కాలవ సంగతి చెప్పబోయి నాలుక కరుచుకున్నాను నేను. చెప్పు చెప్పు అన్నట్టు చెయ్యి ఊపారు.

ఓటమికన్నా ఆయన్ని బాధ పెట్టింది వేరే ఉంది. అత్త పుట్టింటివాళ్ళు ఆ ఇంట్లో భోజనానికి చెయ్యి కడగడం మానేశారు. శుభాలకు పిలుపుల్లేవు. అత్త మంచి మనిషి, నాకు జ్వరం వస్తే రాత్రంతా కూర్చున్న మనిషి. కాని కొళాయి పేరెత్తితే ముఖం తిప్పుకునేది. "నా ఇంటికి చుట్టమనేవాళ్ళు లేకుండా చేసింది గదమ్మా అది" అనేది. మామ సందు నుంచి తిరిగి రాగానే పెరటి గుమ్మం దగ్గర బావినీళ్ళు కాళ్ళ మీద పోసిగాని లోపలికి రానిచ్చేది కాదు. ఆయన కిమ్మనకుండా కాళ్ళు చాపేవారు. పైవీధిలో ఒక్కొక్కరే బిందెలు పట్టుకుని కొళాయికి రావడం మొదలుపెట్టారు. మామ ఇంటి బిందె మాత్రం రాలేదు.

ఉండబట్టలేక ఒకసారి అడిగాను, మీరొక్కమాట గట్టిగా చెప్పకూడదా మామా అని. నోట్లో పుల్ల తీసి పారేశారు. "పెట్టించేంతవరకే నా పని. తాగమని చెప్పేదానికి నేనెవుర్ని? పోగొట్టుకునింది ఆమె, నేను కాదు" అన్నారు. తన గుమ్మం వైపు చూసి, "అయినా నా గడప ఒక్కటే దాటలేదమ్మా ఆ నీళ్ళు" అన్నారు. ఆ గొంతు నాకింకా చెవుల్లో ఉంది.

సోమవారం నేను వెళ్ళేసరికి మామను చాప మీద పడుకోబెట్టారు. స్నానానికి నీళ్ళు కావాలి. అత్త వాళ్ళ అన్న ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ గడప తొక్కాడు, ఆయనే బావి దగ్గరికి పోయి చేద అందుకున్నాడు. అత్త లేచింది. గూట్లోంచి తన పుట్టింటి ఇత్తడి బిందె తీసుకుని, "ఆ నీళ్ళొద్దు" అని ఒక్కమాట అని వీధిలోకి నడిచింది. అన్న చేద కింద పెట్టేశాడు. నేను వెనకాలే పోయాను.

కొళాయి దగ్గర అందరూ లేచి నిలబడ్డారు. మునెమ్మ సగం నిండిన తన కడవను గబగబా పక్కకు లాగబోయింది. అత్త వద్దన్నది.

"నిండనీ మునెమ్మా. నేను వెనక నిలబడతా. వరస తప్పితే ఆయనకు గిట్టదు."

వరస చివర బిందె పెట్టి నిలబడింది. ముందున్నవాళ్ళు ఒక్కొక్కరుగా తమ కడవలు తీసి అవతల పెట్టుకున్నారు. మునెమ్మ కడవ నిండింది. అప్పుడు ఆమే అత్త బిందె తెచ్చి పెట్టి, కొళాయి తిప్పి, నిండాక రెండు చేతులతో ఎత్తి అందించింది. అత్త ఆ చేతుల మీదుగానే బిందె పట్టుకుని చంకనెత్తుకున్నది.

ఇంటికి పోయేదాకా బిందె తొణుకుతూ ఆమె చీర తడుస్తూనే ఉంది. పెరటి దారిన కాదు, వీధి గుమ్మంలోంచే పోయింది. గడప మీద నీళ్ళు పడ్డాయి. తుడవబోయిన పిల్లను, "ఉండనీ" అన్నది అత్త.