లక్క లింకు

మా బాబాయి గొలుసులు తెంచుకోగానే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు. కొట్టరా మరి! రెండు చేతులూ పైకెత్తి, మెడ నరాలు ఉబ్బేలా గర్జించి, ఒక్క గుంజు గుంజితే ఠంగుమని మోగి గొలుసు రెండు ముక్కలయ్యేది. ముందు వరసలో ముసలాళ్లు కళ్లు తుడుచుకునేవారు. నాటకం కంపెనీలో అందరూ ఆయన్ని సింహం అనేవారు. ఆయన కూడా అదే అనుకునేవాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ గొలుసులో నడిమి లింకు లక్కది. దాన్ని చేసేది మా పిన్ని. ఠంగుమని మోగించేదీ మా పిన్నే. జైలు గోడ వెనక, అంటే రాళ్లలా రంగు పూసిన గుడ్డ వెనక, చిన్న స్టూలు మీద కూర్చుని ఇనప రేకు మీద సుత్తితో కొట్టేది. ఇక సింహం నోట్లో మాటలు పెట్టేది నేను. స్టేజీ పక్కన తెర చాటున కూర్చుని డైలాగులు అందించడం నా ఉద్యోగం. లెక్క తీస్తే సింహానికి సొంతమైనది గొంతు ఒక్కటే. అది మాత్రం అసలు సిసలైనది, కాదంటే కళ్లు పోతాయి.

మా తాత రేకు పని చేసేవాడు. ఆయన కొట్లో సీసం కరిగే వాసన పీలుస్తూ పెరిగింది పిన్ని. బొమ్మలతో ఆడుకునే వయసులో పట్టకారుతో ఆడుకుందట. వాళ్ల ఊరికి నాటకం కంపెనీ వచ్చి, స్టేజీ దీపాలు చెడిపోతే బాగుచెయ్యడానికి వెళ్లింది. వెళ్లి హీరోని పెళ్లాడి వచ్చింది. "దీపం బాగుచెయ్యవే అంటే కొంపే అంటించుకొచ్చింది" అని మా అమ్మ ఇప్పటికీ సణుగుతూనే ఉంటుంది.

అప్పట్నుంచీ పిన్ని బతుకు లారీల్లోనూ, అద్దె హాళ్ల వెనక గదుల్లోనూ గడిచింది. ఏ గది చూసినా ఒకటే వరస. తలుపుకి గడియ ఉండదు, అద్దంలో సగం పెచ్చులూడి ఉంటుంది. పిన్ని ముందుగా స్టవ్వు వెలిగించి లక్క కరిగించేది. అచ్చులో పోసి, ఆరాక మసి పట్టించి, నూనె గుడ్డతో తుడిచేది. పక్కనున్న ఇనప లింకులకీ దానికీ తేడా కనిపెట్టడం ఆ దేవుడి తరం కూడా కాదు. ఆట ఆటకీ అది విరిగిపోతుంది కాబట్టి ఆట ఆటకీ కొత్తది కావాలి. మందం ఎక్కువైతే తెగదు, తక్కువైతే ఆగదు. ఒకసారి పిన్నికి జ్వరమొచ్చి మా వడ్రంగి చేశాడు. బాబాయి రెండో అంకంలో ఒక్క తుమ్ము తుమ్మాడు, దేశానికి స్వాతంత్ర్యం వచ్చేసింది. మిగతా నాటకమంతా చేతులు వెనక్కి పెట్టుకుని నడిపించాడు పాపం.

ఆ నాటకం ఏనాటిదో ఒక తిరుగుబాటు నాయకుడి కథ. చరిత్రలో ఆ మహానుభావుడు జైల్లోనే దగ్గి దగ్గి పోయాడట. మా నాటకంలో మాత్రం వెళ్లిన ప్రతి ఊళ్లోనూ గొలుసులు తెంచుకుంటాడు. ఇదేం అన్యాయం అని నేనొకసారి పిన్నిని అడిగాను.

"అన్యాయం ఏముందే? పాపం ఆయనకి లక్క లింకు చేసిపెట్టేవాళ్లు లేకపోయారు" అంది, మసి గుడ్డ విదిలిస్తూ.

బాబాయి స్టేజీ మీద స్వేచ్ఛ గురించి మాట్లాడుతుంటే రాళ్లు కూడా కదలాలి. "నా కాళ్లు నాకు నచ్చిన దారిన నడవాలి! ఆపడానికి మీరెవరు?" అని జైలర్ల మీద విరుచుకుపడేవాడు. తెర పడగానే, "ఏమే, నా చెప్పులేవి?" అనేవాడు. పిన్ని బజారుకి వెళ్తానంటే ఎందుకు, ఎంతసేపు, ఎవరితో అని ఆరా. వాళ్లక్కని, అంటే మా అమ్మని, చూసొస్తానంటే, "ఆటలున్నాయి కదా" అని ఒకే ఒక్క ముక్క. ఆటలు ఎప్పుడు లేవు గనక? జైలర్లకి వినిపించే మాటలు పెళ్లానికి ఎందుకు వర్తించవో నాకు అంతుపట్టేది కాదు. ఆ మాటలు అందించేది నేనే కాబట్టి నా ఒళ్లు ఇంకా ఎక్కువ మండేది.

ఈ గొడవంతా జరిగిన ఊరికి ఎప్పుడు వచ్చినా పిన్ని లక్క కోసం, ఇనుము అరగదీసే ఆకురాళ్ల కోసం ఒక రిపేరు కొట్టుకి వెళ్లేది. తాళాలు, స్టవ్వులు, గొడుగులు, టార్చిలైట్లు, ఏది తెచ్చినా అక్కడ బాగుచేస్తారు. ఆ కొట్టు నడిపే ముసలి తాతగారికి కళ్లు మసకబారాయి. కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటున్నాడు. కొట్టు తనకిమ్మని సెల్‌ఫోన్ కవర్లు అమ్మే ఒకడు ఆయన ప్రాణం తీస్తున్నాడు. ఈసారి పిన్నిని చూసి తాతగారు అసలు సంగతి చెప్పాడు.

"కవర్లవాడికి ఇవ్వడం నాకు ఇష్టం లేదమ్మా. నువ్వు కూర్చుంటానంటే నీకే ఇస్తా. లక్కలో నీ పనితనం చూశాను. ఇనుములో కూడా అలాంటి లింకే చేసి చూపించు. అతుకు కనపడకూడదు, గుంజితే ఊడకూడదు. కంపెనీ ఊరు దాటేలోగా ఏ సంగతో తేల్చు."

ఆ సాయంత్రం పిన్ని మొహం చూస్తే నాకే ముచ్చటేసింది. పెట్టెలూ లారీలూ లేకుండా ఒక్కచోట ఉండటం, వీధివైపు కిటికీ, తన సామాను తను పెట్టిన చోటే మర్నాడూ ఉండటం! ఆట అయ్యాక బాబాయి రంగు తుడుచుకుంటుంటే నెమ్మదిగా విషయం కదిపింది.

"నువ్వు పోతే నాటకం ఎవరు నడుపుతారు?" అన్నాడు.

"లింకులు డబ్బా నిండా చేసిస్తానండీ. చేసే పద్ధతి కూడా నేర్పిస్తాను. సుత్తి ఎవరైనా కొడతారు."

అక్కడ బాబాయికి పౌరుషం పొడుచుకొచ్చింది. "అంటే నీ లక్క ముక్క లేకపోతే నేను లేనంటావ్? రేపు నా గొలుసు నేనే తగిలించుకుంటా. నువ్వు చెయ్యి పెట్టావో, బాగుండదు! ఇక వెళ్లడమంటావా, నేను వెళ్లమంటే కదా నువ్వు వెళ్లేది. అనను గాక అనను."

బయటికొచ్చాక నేను ఆగలేకపోయాను. "ఆయన అనేదేంటి పిన్నీ? పెట్టె సర్దుకుని వెళ్లిపో."

"దొంగలా పారిపోడానికి నేనేం తప్పు చేశానే? ఆయన నోటితోనే వెళ్లమనాలి. నలుగురి ముందూ తలెత్తుకుని వెళ్తాను" అంది.

ఆ నోరు ఎలాంటిదో ఆవిడకి తెలీదా? తల ఎక్కడ బాదుకోవాలో నాకు అర్థం కాలేదు.

మర్నాడు మధ్యాహ్నమంతా కూర్చుని పిన్ని ఇనప లింకు చేసింది. లక్కదానితో పోల్చి చూడటానికి దానికీ మసి పూసి, రెండూ పెట్టె మూత మీద పక్కపక్కనే పెట్టి చేతులు కడుక్కోడానికి వెళ్లింది. అప్పుడొచ్చాడు సింహం, మూతి ముడుచుకుని. చేతికందిన లింకు తీసుకున్నాడు, గొలుసు కొక్కేలకి తగిలించాడు, పట్టకారుతో గట్టిగా నొక్కేశాడు. బరువులో తేడా తెలీలేదా అంటారేమో. ఆయన ఏనాడైనా ఆ లింకుని చేత్తో పట్టుకుంటే కదా!

ఆఖరి అంకానికి తెర లేచింది. పిన్ని గోడ వెనక్కి వెళ్లబోతూ పెట్టె మీద మిగిలిన లింకుని చేతిలోకి తీసుకుని టక్కున ఆగిపోయింది. నా దగ్గరికొచ్చి చెవిలో, "ఒసేయ్, లక్కది ఇక్కడే ఉంది. ఇనపది ఆయన చేతుల్లో ఉంది" అంది.

"ఇప్పుడెలా పిన్నీ?"

"ఎలా ఏముంది? అతుకు ఆగుతుందో లేదో తేలిపోతుంది" అని స్టూలు మీద కూర్చుని సుత్తి పట్టుకుంది.

బాబాయి చేతులెత్తాడు. గర్జించాడు. గుంజాడు. ఠంగుమంది. గొలుసు మాత్రం తెగలేదు.

మళ్లీ గర్జించాడు. మళ్లీ ఠంగుమంది. జైలర్లిద్దరికీ ఠంగుమనగానే భయపడి పారిపోవడం అలవాటు, పారిపోయారు. తెగని గొలుసుని చూసి పరుగులు తీసిన జైలర్లు ఇంకే దేశ చరిత్రలోనూ ఉండరు. స్టేజీ మీద బాబాయి ఒక్కడే మిగిలాడు. మొహం కందగడ్డ అయింది. వెనక వరసల్లోంచి ఎవడో, "అన్నా, తాళంచెవి పంపించమంటావా?" అని అరిచాడు. హాలు గొల్లుమంది.

అప్పుడు జైలు గోడ పక్కకి జరిగింది. అందులోంచి మా పిన్ని వచ్చింది, మసి చేతులతో, నలిగిన పనిబట్టలతో, చేతిలో కటింగ్ ప్లయరుతో. అన్నేళ్లలో ఆవిడ స్టేజీ మీద కాలుపెట్టడం అదే మొదలు. ఇదేదో కొత్త పాత్ర అనుకుని జనం నవ్వాపి ముందుకు వంగారు.

"త్వరగా కొయ్యవే, పరువు పోతోంది" అన్నాడు బాబాయి పళ్లు బిగబట్టి.

"కోస్తాను. నేను వెళ్లనా మరి?" అంది పిన్ని. అరవలేదు, గుసగుసలాడలేదు. మామూలుగా అడిగింది. ఆఖరి వరసకి కూడా వినపడింది.

బాబాయికి ఏమనాలో తోచలేదు. తోచనప్పుడు ఆయన ఏం చేస్తాడు? నావైపు తిరుగుతాడు. తిరిగాడు.

నేను పుస్తకం మూసేశాను. దేవుడి మీద ఒట్టు, ముందుగా ఏమీ అనుకోలేదు. ఏళ్ల తరబడి మింగిన కోపమంతా నాలిక మీదకొచ్చింది. "వెళ్లు! నీ దారి నీది! నిన్ను ఆపే హక్కు నాకు లేదు!" అని అందించాను.

"వెళ్లూ!" అని గర్జించాడు బాబాయి, గొలుసుల చేతులు వీధివైపు చాచి. "నీ దారి నీదీ! నిన్ను ఆపే హక్కు నాకు లేదూ!"

ఆహా, ఏం పలికాడండీ! ఆ 'లేదూ' దగ్గర గొంతు వణికించాడు కూడా. అన్న మాట నోట్లోంచి చెవికెళ్లి, చెవిలోంచి బుర్రకి చేరడానికి కాస్త టైము పట్టింది. చేరేసరికి తెల్లమొహం వేశాడు. ఈలోగా పిన్ని తన లింకు జోలికి పోకుండా కొక్కెం పటుక్కున కోసేసింది. హాలు మొత్తం లేచి నిలబడింది. అన్ని చప్పట్లు ఇంతకుముందెన్నడూ ఆ నాటకానికి పడలేదు.

తెర పడ్డాక ఆయన అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "అది నాటకం! స్టేజీ మీద అన్నది!"

"స్టేజీ మీద మీరనే ప్రతి మాటా మీ గుండెల్లోంచి వస్తుందని పేపరువాళ్లకి చెప్పారు కదండీ" అంది పిన్ని, పెట్టె సర్దుతూ. పిన్ని ఇనప లింకుని తుడిచి జేబులో వేసుకుంది. లక్కదాన్ని నా చేతిలో పెట్టి, "వేడి తగలనివ్వకు" అని చెప్పి, ముందు తలుపులోంచే వెళ్లింది.

నన్ను కంపెనీలోంచి గెంటేస్తాడనుకున్నాను. గెంటలేదు. నన్ను పొమ్మనే డైలాగు ఆయనకి ఎవరందిస్తారు? పైగా ఆయనకి గట్టి నమ్మకం, పిన్ని తిరిగొస్తుందని. "రేపు ఆఖరి ఆటకి అదే వస్తుంది, చూడండి. ఆ స్టూలు ఖాళీగా ఉంచండి. సుత్తి ఎవరూ ముట్టుకోవద్దు" అని అందరికీ హుకుం జారీచేశాడు.

వచ్చింది. టిక్కెట్టు కొనుక్కుని వచ్చింది. పక్కన కొట్టు తాతగారు. మూడో వరసలో, తల దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చుంది. బాబాయి తొంగిచూసి, "చెప్పానా!" అని కళ్లెగరేశాడు. కూర్చున్నది ఎక్కడో మాత్రం ఆలోచించలేదు.

ఆఖరి అంకం వచ్చింది. గర్జించాడు, గుంజాడు. లక్క లింకు చక్కగా విరిగింది, పిన్ని పని కదా. కానీ అది విరిగితే వచ్చేది టిక్కుమని ఒక్క చిన్న చప్పుడు. చేతులు రెండు వైపులా చాచి నిలబడ్డాడు బాబాయి. ఠంగు కోసం చూస్తున్నాడు. జైలర్లు చూస్తున్నారు, పారిపోవాలా వద్దా అని. బాబాయి నావైపు తిరిగాడు. నేను ఖాళీ చేతులు చూపించాను. అప్పుడు పిన్ని వైపు చూశాడు.

నేనూ అటే చూశాను. పిన్ని కుడి చెయ్యి, సుత్తి పట్టుకున్నట్టే, దానంతటదే లేచింది. లేవకు పిన్నీ, నీకు దండం పెడతా, లేవకు అనుకున్నాను. ఆవిడ ఎడమ చేత్తో ఆ చేతిని పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది. పెట్టుకుని అలాగే కూర్చుంది.

బాబాయి అటూ ఇటూ చూశాడు. చివరికి నోరు తెరిచి, "ఠంగ్!" అన్నాడు.

ఎవరూ అందించకుండా ఆయన సొంతంగా పలికిన మొట్టమొదటి డైలాగు అదే. జైలర్లు పారిపోయారు. జనం కుర్చీల్లోంచి జారిపడేలా నవ్వారు. అందరికంటే ఎక్కువ మా పిన్ని నవ్వింది. కళ్లనీళ్లు తుడుచుకుంటూ, మళ్లీ మళ్లీ నవ్వింది. ఆవిడ అంతలా నవ్వగలదని నాకు తెలీనే తెలీదు.

ఆట అయ్యాక గుమ్మం దగ్గర పట్టుకుని, "ఎలా ఉంది నాటకం?" అని అడిగాను.

"మొదటి అంకం బాగా సాగదీశారే. ఇంకో మాట, ముందునుంచి చూస్తే ఆ జైలు గోడ ఉత్త గుడ్డేనని ఇట్టే తెలిసిపోతోంది. నాకేమో వెనక కూర్చుంటే నిజం గోడలాగే ఉండేది."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ నా చెంప మీద ఒకటి తట్టి, "పొద్దున్నే కొట్టు తియ్యాలి, వెళ్లొస్తా" అంది. ఎవరినీ అడగకుండా, ఎందుకో ఎంతసేపో చెప్పకుండా మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయింది.