చిన్నమ్మ పెంచిన పిల్లవాడు

మొన్న తొర్రూరు బస్టాండులో హైదరాబాద్ బస్సు కోసం నిలబడ్డాను. అక్కడ తాడుతో అడ్డంగా, నిలువుగా బిగించి కట్టిన పెద్ద సూట్‌కేసు మీద ఒక ఆడమనిషి కూర్చుని, ఒళ్లోని పిల్లకు బిస్కెట్ తినిపిస్తోంది. చెయ్యి పిల్ల నోటి దగ్గరే ఉంది గానీ కళ్లు మాత్రం బస్సు వచ్చే దారి మీద ఉన్నాయి. పక్కన ఆమె అక్కో వదినో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎక్కడికి పోతున్నారని నేను అడగలేదు. బస్సెక్కి కూర్చున్నాక, పాలకుర్తి దాటి జనగామ వచ్చేదాకా మా చిన్నమ్మే కళ్లముందు మెదిలింది.

చిన్నమ్మ అంటే మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. పాలకుర్తి పక్క పల్లెకు ఇచ్చారు. చిన్నాయిన కలప లారీ మీద పనికి పోయేవాడు. కాటారం దారిలో ఆ లారీ బోల్తాపడి ఆయన చనిపోయేనాటికి వాళ్ల బిడ్డకు మాటలు కూడా సరిగ్గా రాలేదు. ఎక్కడో దూరదేశంలో పత్తి ధర పడిపోతే ఇక్కడ చేను మీద చిన్నమ్మకు కూలి తగ్గేది. ఎందుకు తగ్గిందో చెప్పేవాళ్లు మాత్రం ఉండేవారు కాదు. కువైట్లో ఇంటిపని ఉందని ఎవరో అంటే, చిన్నమ్మ బిడ్డను మా అమ్మ ఒళ్లో పెట్టి విమానమెక్కింది. మా వైపు ఏ ఎడారి దేశం పోయినా మస్కట్ పోయిందనే అంటారు కాబట్టి, కువైట్లో ఉన్నన్నాళ్లూ ఆమె మా వీధికి మస్కట్ చిన్నమ్మే. అక్కడ ఆమె పని ఒక పసివాణ్ణి పెంచడం. వాడి తల్లికి పెద్ద ఉద్యోగం. ఆమె ఆఫీసుకు పోవాలంటే బిడ్డనెత్తుకునే చేతులు కావాలి. అవి వాళ్ల దేశంలో దొరకవు, మా దగ్గర చవకగా దొరుకుతాయి.

సెలవు మీద వచ్చేవాళ్లతో చిన్నమ్మ సబ్బులు, నొప్పుల మందు, ఘాటైన సెంటు సీసాలు పంపేది. బడిపంతులైన మా నాయిన ఒకరోజు ఆ సెంటు పూసుకుని తెలంగాణ ధర్నాకు పోయాడు. "ఏంది సారూ, షేకు లెక్క వాసనొస్తున్నవ్! ఇగ నీ అసొంటోళ్లకు రాష్ట్రమెందుకిస్తరు?" అని దోస్తులు ఒకటే నవ్వు. ఆ తరువాత సీసాలన్నీ బీరువాలోనే ఉండిపోయాయి. బొమ్మలు కూడా వచ్చేవి గానీ చెల్లె వాటిని ముట్టేది కాదు. నా చెల్లె అంటే చిన్నమ్మ బిడ్డే. తను మా అమ్మనే అమ్మా అని పిలిచేది, కన్నతల్లిని నాలాగే చిన్నమ్మా అనేది. మొదట్లో అమ్మ సరిదిద్దబోయి, తరువాత ఊరుకుంది. ఫోన్ వస్తే చెల్లె రెండు ముక్కలు మాట్లాడి నా చేతికిచ్చేది. అవతల ఎప్పుడూ ఒక పిల్లవాడు ఏదో అడుగుతూనే ఉండేవాడు. "జెర ఆగు బిడ్డా" అని చిన్నమ్మ అనేది, ఇటు చెల్లెతోనో, అటు వాడితోనో.

వాడు పెద్దవాడయ్యాక చిన్నమ్మతో అవసరం తీరింది, ఇంటికి పంపించేశారు. ఆమె దిగేనాటికి ఇక్కడ తెలంగాణ కోసం సమ్మె ఊపులో ఉంది. బస్సుల్లేవు. జనగామ దాకా ఏదో జీపు, అక్కణ్ణుంచి ఆటోలు మారి తొర్రూరు చేరేసరికి మధ్యాహ్నమైంది. చౌరస్తాలో నిరసనగా రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నాం. చెల్లె, నేను ఉల్లిగడ్డలు కోస్తున్నాం. చిన్నమ్మ సామాను ఓ పక్కన పెట్టి, ముఖమైనా కడుక్కోకుండా మా మధ్య కూర్చుంది. కువైట్లో కోస్తా ఆడవాళ్లు ఆమె యాసకు నవ్వేవారట. అందుకని చాలా ఏళ్లు తెలుగులో కూడా తక్కువే మాట్లాడిందట. ఇక్కడ మైకులో ఆ యాసే వినిపిస్తుంటే చెవొగ్గి వింది. జెండా పట్టుకున్న ఒక పిలగాణ్ణి పిలిచి అడిగింది.

"నాయినా, మన రాష్ట్రం మనకొస్తే ఇగ ఎవ్వలు మస్కట్ పోవుడుండదా?"

"ఎందుకు పోతరు చిన్నమ్మా? మన కొలువులు మనకే గద" అన్నాడు వాడు.

చిన్నమ్మ ఆ మాట నమ్మింది. ఆ రోజు మేమందరం నమ్మాం.

పక్కావిడ చంటిపిల్ల ఏడుస్తుంటే చిన్నమ్మ తీసుకుని భుజాన వేసుకుంది. ఊపుతూ జోలపాట అందుకుంది. పాట అరబ్బీలో ఉంది. చుట్టూ ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. చెల్లె నవ్వలేదు.

"నాకెన్నడన్న పాడినవా?" అంది.

చిన్నమ్మ ఊపడం ఆపింది. "నీకు పాడే పాటలే వానికి పాడిన బిడ్డా. మొదట్ల తెలుగులనే పండుకునేటోడు. దొరసాని వద్దన్నది. గప్పుడు గీ పాట నేర్చుకున్న."

చెల్లె కత్తిపీట పక్కకు నెట్టి లేచిపోయింది.

రాష్ట్రం వచ్చింది. గులాలు చల్లుకున్నాం. చిన్నమ్మ కూడా మైసూరుపాకు పంచింది. తల్లీకూతుళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకరికొకరు అన్నం పెట్టుకున్నారు. చెల్లె పిలుపు మాత్రం 'చిన్నమ్మా' దగ్గరే ఆగిపోయింది. చౌరస్తాలోని ఆ జెండా పిలగాడు కొన్నాళ్లకు దుబాయి పోయాడని విన్నాం. ఆ సంగతి చిన్నమ్మకు ఎవరమూ చెప్పలేదు.

తరువాత ఆమెకు మూత్రపిండాలు చెడిపోయాయి. వరంగల్ దవాఖానలో చెల్లె రాత్రింబవళ్లు మంచం పక్కనే కూర్చుంది. చివరి రోజు పొద్దున చిన్నమ్మకు మతి తప్పింది. ఏదేదో అరబ్బీలో అంటూ ఆ పిల్లవాణ్ణి పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టింది. చేతులతో గాలిలో వెతుకుతోంది. నేను చూస్తుండగా చెల్లె ఆ చేతులు పట్టుకుని, "ఆఁ, ఈడ్నే ఉన్న" అంది. చిన్నమ్మ మళ్లీ పిలిచింది, చెల్లె మళ్లీ పలికింది. అలా పిలుస్తూ, పలికించుకుంటూ మధ్యాహ్నానికి చిన్నమ్మ వెళ్లిపోయింది.

వరండాలో చెల్లె నాతో అంది: "నా పేరు పిలుస్తదేమోనని చూసిన అక్కా. పిలువలే. ఎవ్వలో ఒకలు పలకాలె గద."

ఇప్పుడు మా దగ్గర తారురోడ్లున్నాయి, చౌరస్తాలో దీపాలున్నాయి, కొత్త జిల్లాలున్నాయి. పోయినవాటిలో చాలా వాటిని తెచ్చుకున్నాం. కానీ మా చెల్లెకు రావలసిన ఆ చిన్ననాటి పొద్దులు, ఎవరో పిల్లవాడికి దూరదేశంలో గడిచిపోయినవి, అవి మాత్రం గడిచేపోయాయి.